ప్లానర్‌కి స్టిక్కర్లు కొనే ముందు

అమ్మలూ,

రోజువారీ పనులు రాసుకునే నీ ప్లానర్‌లో అంటించే స్టిక్కర్లు ఎక్కడ కొనాలని అడిగావు. బీసెంట్ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ముందు స్కేలు తీసి నీ ప్లానర్‌లో ఒక రోజు గడి వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచి ఫోన్లో రాసిపెట్టుకో. ఏ5 పేజీ వెడల్పు 148 మి.మీ. అందులో నాలుగు నిలువు గడులుంటే, అంచులు పోను ఒక్కోటి 33 మి.మీ. వస్తే గొప్ప. 38 మి.మీ. స్టిక్కర్ ఎంత ముద్దుగా ఉన్నా పక్క రోజు మీదికి ఎక్కేస్తుంది. ఫొటో చూసి సైజు ఊహించకు. కొలత ఇవ్వని సెట్ జోలికి పోకు.

యాభై, వంద పీసులని కవర్లో పోసి అమ్మేవి చాలావరకు వినైల్ అనే ప్లాస్టిక్‌వి. ల్యాప్‌టాప్‌కి, నీళ్ల సీసాకి బాగుంటాయి గానీ పుస్తకానికి వద్దు. మందం ఎక్కువ, జిగురు మొండిది. నాలుగు వారాలు అంటించేసరికి పుస్తకం ఉబ్బి అట్ట మూతపడదు. నువ్వు మెరుపులేని మ్యాట్ పేపర్‌వి తీసుకో. గ్లాసీ మీద జెల్ పెన్ను త్వరగా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. వాషి అనే జపాన్ కాగితంవి పల్చగా ఉండి కింద గీతలు కనిపిస్తాయి, కానీ వంకరగా పడితే తీసి మళ్లీ అంటించుకోవచ్చు.

మొదట ఒక్క షీటే కొను. చివరి పేజీలో ఒకటి అంటించి, రోజూ వాడే పెన్నుతో రాసి, అర నిమిషం ఆగి వేలితో రుద్దు. మర్నాడు మూల లేపి, కాగితానికి ఆనించి వెనక్కి మడుస్తూ నెమ్మదిగా లాగు. కాగితం నూగు లేచొస్తే ఆ జిగురు నీ పుస్తకానికి పనికిరాదు. మొండికేసినదానికి హెయిర్ డ్రయ్యర్ గాలి పది పదిహేను సెకన్లు పడితే జిగురు మెత్తబడుతుంది. రుద్దితే చెరిగిపోయే ఫ్రిక్షన్ పెన్నుతో రాసిన పేజీకి మాత్రం ఆ పని చెయ్యకు. 60 డిగ్రీల దగ్గర ఆ ఇంకు మాయమైపోతుంది.

ఏడాదికి సరిపడా ఒకేసారి కొని దాచకు తల్లీ. బెజవాడ ఎండలకి జిగురు అంచుల్లోంచి కారి షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నెలకి నాలుగైదు షీట్లు చాలు. జిప్ కవర్లో బల్లపరుపుగా పెట్టు.

బయటి సెట్లలో హాలోవీన్ గుమ్మడికాయలు దొరుకుతాయి గానీ భోగి, ఉగాది దొరకడం కష్టం. అవి నువ్వే డిజైన్ చేసుకుని, డిజిటల్ ప్రింటింగ్ షాపులో ఏ4 మ్యాట్ స్టిక్కర్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీయించు. ఇంక్‌జెట్ అయితే హైలైటర్ తడికి రంగు పాకుతుంది. బొమ్మ రంగును కత్తిరించే గీత దాటించి 2 మి.మీ. బయటికి పొడిగించకపోతే, బ్లేడు కాస్త జరిగినా తెల్ల అంచు కనబడుతుంది. అలా పొడిగించిన రంగు పోను బొమ్మకీ బొమ్మకీ మధ్య 3 మి.మీ. వదులు. హాఫ్ కటింగ్ కావాలని గట్టిగా చెప్పు. పై పొర మాత్రమే తెగాలి, వెనక కాగితం తెగకూడదు. ముందు ఒక్క షీట్ వేయించి, గోటితో లేపి చూసి, అప్పుడు మిగతావి వెయ్యమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ