వేపపువ్వు చారు పెట్టబోతే కషాయమైంది

ఎండలు మొదలయ్యే రోజుల్లో ఎప్పుడూ వండని పదార్థం ఏదైనా వండి చూశారా, కుదిరిందా అని అడిగారు. వండాను. కుదరలేదు. రెండోసారి కుదిరింది.

కొత్త పదార్థం అనగానే అందరూ బ్రకోలీ, జుకినీ అంటారు. నల్లగొండలో దొరికిందని నేనూ ఒకసారి జుకినీ తెచ్చి బీరకాయలా వండాను. నీళ్లు నీళ్లయింది, అంతే సంగతి. నన్నడిగితే ఏడాదికి ఒక్కరోజు నోట్లో పెట్టుకునే వేపపువ్వే మనకు అసలైన కొత్త పదార్థం. మా దగ్గర ఉగాది పచ్చడి గ్లాసులో పోసుకుని తాగుతాం. పైన చిటికెడు పువ్వు వేస్తే పిల్లలు దాన్ని కూడా వేలితో పక్కకు నెట్టి తాగుతారు. మిగతా పువ్వంతా వాకిట్లో రాలితే ఊడ్చి పారబోయడమే.

పోయినేడు ఆ కుప్ప చూసి మా పై వాటాలో అద్దెకుండే తమిళావిడ "అయ్యో అక్కా, చారు పెట్టుకోరా?" అంది. సరే అని రాత్రి చెట్టు కింద పాత చీర పరిచాను. పొద్దున చూస్తే పువ్వుతోపాటు చీమలు, ఎండుటాకులు, పిట్ట రెట్ట. చేటలో చెరిగి, కాడలు ఏరేసరికి పది దాటింది. నాలుగు రోజులు ఎండబెడితే అంత పువ్వూ రెండు గుప్పెళ్లయింది.

ఆవిడ చెప్పింది సగమే విని, మరుగుతున్న చారులో ఒక గుప్పెడు వేసేశాను. అత్తమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "గిది చారా, కషాయమా? నాకేమన్న జరమొచ్చిందా?" మా ఆయన మాట్లాడకుండా పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

కిటుకంతా నెయ్యిలో ఉంది. చారు దించేశాక చెంచాడు నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి వేసి, తర్వాత ఎండు పువ్వు వేసి, సన్న మంట మీద కాఫీ గింజ రంగు వచ్చేదాకా కదుపుతూ వేయించాలి. అది చారు మీద పోసి మూత పెట్టాలి. మళ్లీ మరిగించొద్దు, చేదంతా చారులోకి దిగుతుంది. రెండోసారి అత్తమ్మ అన్నంలో రెండు గరిటెలు పోయించుకుంది. బాగుందని మాత్రం అనలేదు.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోయాయి, గుర్తుందా? ఫంగస్ తెగులు అది. చెట్టు చచ్చిపోయిందని మా వీధిలో రెండు కొట్టించేశారు. మాది నేను కొట్టనివ్వలేదు, మళ్లీ చిగురేసింది. కొట్టించినవాళ్లే ఇప్పుడు ఉగాది ముందురోజు క్లాక్ టవర్ దగ్గర బేరమాడి వేప రెమ్మ కొనుక్కొస్తున్నారు.

ఈసారి బక్షాలు (బొబ్బట్లు) చేసిన రోజు ఆ పప్పు కట్టుతో చారు పెట్టి, అందులో ఈ పువ్వు వేసి చూడాలని ఉంది. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు.