మూలపడిన కుట్టుమిషనును అమ్మేయమంటున్నారు

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. పాలకొల్లు దగ్గరి పల్లెలో పుట్టాను. మా అమ్మ లేసు అల్లేది. నేను పెళ్లికి ముందే కుట్టుపని, ఊలు అల్లిక నేర్చుకున్నాను. హైదరాబాదుకు కాపురానికి వచ్చాక పిల్లలు, వాళ్ల చదువులతో అవి తగ్గిపోయాయి. మూడేళ్ల క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. అప్పటి నుంచి మిషను మీద దుప్పట్లు పేరుస్తున్నాం. చిన్నవాడి కోసం మొదలుపెట్టిన స్వెట్టరు సగంలోనే ఉంది, వాడికిప్పుడు తొమ్మిదేళ్లు. ఈమధ్య ఒకటి రెండు రాత్రులు పట్టుబట్టి కూర్చున్నాను గాని సూదిలోకి దారం ఎక్కలేదు, మిషను మీద కుట్లు వంకరపోయాయి. నా చేయి పోయిందనిపించి ఏడుపొచ్చింది. ‘బజారులో దొరికేదానికి ఇంత యాతన ఎందుకు, మిషను అమ్మేస్తే అమ్మ మంచం పక్కన చోటన్నా మిగులుతుంది’ అంటున్నారు మావారు. బంధువులు మాత్రం చీరలకు ఫాల్సు కుట్టమని తెచ్చి ఇస్తూనే ఉంటారు. మిషను అమ్మేయమంటారా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే బాధ కలిగించిన మాట చేయి పోయిందన్నది. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే అది నిజం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. నలభై దాటిన తరువాత దగ్గరి వస్తువులు మసకగా కనిపించడం దాదాపు అందరికీ వచ్చే చత్వారం. పొద్దున కూరగాయలు తరిగేటప్పుడు తెలియని ఆ లోపం, రాత్రి ట్యూబులైటు కింద సూది బెజ్జం దగ్గర మొదటిసారి బయటపడుతుంది. మూడేళ్లు సూది ముట్టని మీకు అది ఒక్కసారిగా ఎదురైంది కాబట్టి, కంటి దోషాన్ని చేతికి అంటగట్టుకున్నారని నాకు అనిపిస్తోంది. కంటి వైద్యుడి చేత ఒకసారి పరీక్ష చేయించుకుని, దగ్గరి చూపుకు అద్దాలు అవసరమంటే తీసుకోండి. వంకరపోయిన కుట్ల విషయానికి వస్తే, ఏళ్ల తరబడి వాడని మిషనులో పాత నూనె జిగురులా గట్టిపడుతుంది, కింది దారం తిరిగే షటిల్ దగ్గర దుమ్ము పేరుకుంటుంది, సూది మొద్దుబారి ఉంటుంది, పాత నూలు దారం పటుత్వం పోయి లాగితే తెగుతుంది. ఇన్ని లోపాల మధ్య ఎంతటి పనిమంతులు కూర్చున్నా కుట్టు తిన్నగా రాదు. షటిల్ దగ్గరి దుమ్ము కుంచెతో దులిపి, నూనె రంధ్రాలన్నింటిలో మిషను నూనె చుక్కలు వేసి, దారం లేకుండా కాసేపు తొక్కి, మామూలు నూలు బట్టకైతే 14 నంబరు కొత్త సూది, కొత్త దారం వేసి పనికిరాని గుడ్డ మీద ప్రయత్నించండి. అప్పటికీ కుట్లు తప్పితే మెకానిక్కు చూపించండి. మీ చేతి గురించిన తీర్పు మాత్రం ఆ తరువాతే ఇవ్వండి.

ఇక తీరిక మాట. మీ ఇంటి పరిస్థితిలో అడ్డంకులు లేని రోజు త్వరలో వస్తుందని నేను చెప్పలేను. మంచాన ఉన్న మనిషికి ఏ గంటలో ఏ అవసరం వస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి తీరిక దొరికాక పని మొదలుపెడదామని ఎదురుచూడడం కంటే, ఏ పని మధ్యలో వదిలేసినా చెడకుండా ఉంటుందో చూసుకుని దాన్ని ముందు చేతిలోకి తీసుకోవడం మేలు. ఈ విషయంలో కుట్టుకూ అల్లికకూ, రెండు సూదుల అల్లికకూ లేసుకూ చాలా తేడా ఉంది. రెండు సూదులతో ఊలు అల్లేటప్పుడు వరుసలోని కుట్లన్నీ సూది మీద విడిగానే ఉంటాయి గనుక, అత్తగారు పిలిచారని గబుక్కున లేస్తే పదో పన్నెండో జారిపోతాయి. మళ్లీ ఎత్తుకోవడానికే ఆ పూట సరిపోతుంది. లేసు అల్లికలో కొక్కెం సూదికి ఉండేది ఒక్క ముడే. ఆ ఒక్క ముడిలో పిన్నీసు గుచ్చి పక్కన పెడితే గంటకైనా నెలకైనా అది అలాగే ఉంటుంది.

మీ పుట్టిన ప్రాంతానికి ఈ సంగతి నేను చెప్పడం విడ్డూరమే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో నిలిచిందంటే, దానికి ఒక కారణం అన్నం ఉడికే లోపు నాలుగు వరుసలు, బిడ్డ నిద్రపోయినప్పుడు మరో నాలుగు వరుసలు అల్లుకోగలగడమే. 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా పొందిన ఆ పనిని ఆ స్త్రీలు తీరిక ఉండి చేయలేదు. ముక్కకింత అని చేతికందే తక్కువ కూలి కోసం చేశారు కాబట్టి వాళ్ల కష్టాన్ని ముచ్చటగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా మీ అమ్మగారి చేతిలో మీరు చిన్నప్పటి నుంచి చూసిన ఆ పని తీరు, ఈనాటి మీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది. అరచేయంత చదరపు ముక్కలు అల్లుకుంటూ పోండి. ఒక్కొక్క ముక్క ఒకటి రెండు పూటల్లో ముగుస్తుంది, తగినన్ని కూడాక కలిపి దిండు గలేబు చేయాలా దుప్పటి చేయాలా అన్నది తరువాత తేల్చుకోవచ్చు.

స్వెట్టరును మాత్రం విప్పేయండి. తొమ్మిదేళ్లవాడికి అది పట్టదు, చూసినప్పుడల్లా మీకు అపరాధభావం తప్ప మరేమీ ఇవ్వదు. విప్పిన ఊలును ఉండగా కాకుండా వదులుగా చిలపలా చుట్టి, నాలుగు చోట్ల దారంతో కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి నీడన వేలాడదీస్తే మెలికలు చాలావరకు సాగిపోతాయి. నిజమైన ఊలైతే ముందు చిమట కొట్టిందేమో చూసుకోండి. మళ్లీ రెండు సూదులతో ఏదైనా మొదలుపెడితే, వరుస పూర్తయ్యాకే ఆపడం, ఎన్నో వరుసలో ఆపారో, ఏ నంబరు సూది వాడుతున్నారో చీటీ మీద రాసి ఊలుతోపాటే సంచిలో పెట్టడం అలవాటు చేసుకోండి. చాలామంది అల్లికలు సగంలో ఆగిపోవడానికి బద్ధకం కారణం కాదు, ఎక్కడ ఆపామో గుర్తులేకపోవడమే.

మిషను పనిలో కత్తిరింపు ఒక్కటే అంతరాయాన్ని భరించదు, ఎందుకంటే తప్పు కోసిన బట్టను ఎవరూ తిరిగి అతికించలేరు. ఇంట్లో మరొకరు అత్తగారి దగ్గర ఉండే పూటనే కత్తెర పట్టుకుని, ఒక జాకెట్టుకు కావలసిన ముక్కలు, దారం, ఉక్సులు అన్నీ ఒకే సంచిలో కట్టి పెట్టుకుంటే, మిగతా రోజుల్లో ఒక పూట భుజాలు, మరో పూట చేతులు కుట్టుకోవచ్చు. హెమ్మింగు, ఉక్సులు, కాజాలు మంచం పక్కన కూర్చుని ఆమెతో మాట్లాడుతూనే చేసుకోగల పనులు.

మరి ఆ ‘మరొకరు’ ఎవరు? మీ ఉత్తరంలో అత్తగారిని మీరు తప్ప ఇంకెవరైనా చూసుకుంటున్నట్టు ఒక్క వాక్యం కూడా లేదు. నాకు ఇది కుట్టుమిషను సమస్య కంటే పెద్దదిగా కనిపిస్తోంది. ఆమె మీవారికి కన్నతల్లి. ఆయన మంచివారే అయి ఉండవచ్చు, తల్లి మంచం పక్కన చోటు గురించి ఆలోచిస్తున్నారంటే ఆమె సుఖం ఆయనకు పట్టకపోలేదు. అయితే ఆ ఆలోచన స్థలం దగ్గర ఆగిపోయి, మనిషి దాకా రాలేదు. ‘నాకు తీరికే లేకుండా పోయింది’ అని మీరంటే అది ఆయనకు నిష్ఠూరంలా వినిపిస్తుంది, సమాధానంగా మరో నిష్ఠూరం వస్తుంది. దానికి బదులు, ‘ఏమండీ, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా అత్తయ్యగారి దగ్గర మీరుండండి, ఆ రెండు గంటలూ నేను మిషను దగ్గర ఉంటాను’ అని ఏ రోజో, ఏ వేళో చెప్పి అడగండి. మందులు ఎప్పుడివ్వాలో, పక్క ఎలా మార్చాలో ముందు ఒకసారి చేసి చూపించండి, ఆ తరువాత మధ్యలో లేచి వెళ్లి సరిదిద్దకండి. పెద్ద బిడ్డ ఆడపిల్లయితే ఈ పని మెల్లగా ఆమె మీదికి జారిపోకుండా చూసుకోవాలి. మన ఇళ్లలో అలా జరగడం మామూలే.

బజారులో చవకగా దొరుకుతుందన్న ఆయన వాదనను ఒప్పేసుకోండి. అది నిజం, పైగా హైదరాబాదు చలికి స్వెట్టరు అల్లుకోవలసిన అవసరమూ లేదు. మీరు డబ్బు మిగల్చడానికి కుట్టడం లేదని, మీకు మనసు నిలిచే పని ఇదని ఒకసారి నెమ్మదిగా చెబితే చాలు.

బంధువుల ఫాల్సు విషయంలో నేను కొంచెం కటువుగానే ఉంటాను. దొరికే కాసిని గంటలూ ఇతరుల చీరల అంచులకు పోతే, మీకు ఆ పని మీదే విసుగు పుడుతుంది. ‘ఇప్పుడు కుదరదు వదినా, వీధి చివర టైలరు బాగా కుట్టిస్తాడు’ అని నవ్వుతూనే తిప్పి పంపండి. కారణాలు ఎక్కువ చెప్పకండి, చెప్పిన ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర ఒక పరిష్కారం ఉంటుంది.

ఏడుపు గురించి ఒక మాట. ఒకటి రెండు రాత్రులు కన్నీళ్లు రావడం అలసట వల్ల కావచ్చు. కానీ రెండు వారాలకు మించి నిద్ర సరిగా లేకపోయినా, తిండి సహించకపోయినా, ఊలు చేతిలో ఉన్నా ఏ ఆసక్తీ కలగకపోయినా అది కాలక్షేపంతో తీరేది కాదు. అప్పుడు మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

మిషను అమ్మకండి. చోటు ఇబ్బంది నిజమైనదే కాబట్టి దానికి వేరే దారి ఉంది. మీది కాలితో తొక్కే మిషనైతే, దాని తలను ఇనుప స్టాండు నుంచి విప్పించి, చెక్క పీఠం మీద బిగించి, చేతితో తిప్పే చక్రమో చిన్న మోటారో పెట్టించుకోవచ్చు. అమ్మదలిస్తే స్టాండును అమ్మండి. పని అయ్యాక మిషనును బల్ల కిందికి జరిపితే మీవారు అడిగిన చోటు మంచం పక్కన మిగులుతుంది, దాని మీద దుప్పట్లు పేర్చే అవకాశమూ ఎవరికీ ఉండదు.