బుజ్జికి పెద్దమ్మ రాస్తున్నది: ముఖం రెండుసార్లు కడిగే సంగతి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు హైదరాబాద్‌లో న్యూస్ రీడర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదో తరగతిలోనే పేపరు పట్టుకుని వంటింట్లో నిలబడి అందరికీ వార్తలు చదివి వినిపించిన పిల్లవి. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఇంకో మాట అంది. రోజూ మేకప్ తప్పదు కదా అని డబుల్ క్లెన్సింగ్, అంటే ముందు నూనెతో, తర్వాత ఫేస్‌వాష్‌తో ముఖం కడిగే పద్ధతి, దానికి కావలసిన సామానంతా కొన్నావట. పొద్దున, రాత్రి రెండు పూటలా చేస్తానంటున్నావట. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పద్ధతి మంచిదే. నీకు అవసరం కూడా. మేకప్, సన్‌స్క్రీన్, ముఖం మీద ఊరే జిడ్డు, వీటిలో చాలావరకు నూనే, మైనమే. ఉత్త ఫేస్‌వాష్‌తో అది పూర్తిగా పోదు, నూనె తగిలితే కరుగుతుంది. జపాన్ మేకప్ ఆర్టిస్ట్ షూ ఉయెమురా 1967లోనే మేకప్ తీసే నూనె తెచ్చాడు. కొరియా వాళ్ళ పుణ్యమా అని ఇప్పుడది అందరి నోటా నానుతోంది. మన ఇళ్ళలో భోగి పొద్దున జరిగేదీ అదే కదా. అమ్మ మమ్మల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టి ముందు నువ్వుల నూనె పట్టించేది, తర్వాత నలుగు పెట్టేది. కుంకుడు రసం కంట్లో పడి మీ అమ్మ వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేది. కానీ అది పండగలకే. రోజుకు రెండుసార్లు ఎవరూ చేయలేదు.

చేసే తీరు నీకు తెలిసే ఉంటుంది. లెన్సులు ముందు తీసెయ్యి. చేతులు కడుక్కుని తుడుచుకో. క్లెన్సింగ్ ఆయిల్ గానీ, గడ్డకట్టిన నూనెలా ఉండే క్లెన్సింగ్ బామ్ గానీ పొడి ముఖానికే రాయి. తడి ముఖానికి రాస్తే మేకప్ సరిగ్గా కరగదు. మస్కారా, కాటుక చివర్లో, రెప్ప మీద వేలు ఆనీ ఆననట్టు తిప్పు. ఒక్క నిమిషం చాలు. తర్వాత వేళ్ళు తడిపి మళ్ళీ రుద్దితే అంతా పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు కనబడితేనే నూనె నీళ్ళతో పోతుందని అర్థం. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వాసన లేని మెత్తటి ఫేస్‌వాష్ కొంచెం వాడి, టవల్‌తో అద్దుకుని, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకో. కొబ్బరి నూనె మాత్రం వద్దు. అది నీళ్ళు పోస్తే తెల్లబడదు, పొరలా ఉండిపోతుంది. మొటిమలు వచ్చే చర్మానికి అసలు పనికిరాదు.

ఇక్కడ నీకు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. నా దగ్గర కూచిపూడి నేర్చుకున్న పిల్ల. పేరు చెప్పను. సత్యభామ వేషం కట్టిందంటే చూడటానికి రెండు కళ్ళూ చాలేవి కావు. ఆ రోజుల్లో స్టేజీ మేకప్ అంటే పాన్‌స్టిక్, దాని పైన పాన్‌కేక్ దట్టంగా వేసేవాళ్ళం. ప్రోగ్రాం అయ్యాక అందరూ కొబ్బరి నూనెతో తుడిచేవాళ్ళు. ఈ పిల్లకు శుభ్రం మీద పట్టింపు ఎక్కువ. నూనె రాసి గరుకు టవల్‌తో తుడిచేది, ఒంటి సబ్బుతో రెండుసార్లు కడిగేది, ఆ పైన సున్నిపిండితో రుద్దేది. వేలు పెడితే కిచకిచమనాలి, అప్పుడే శుభ్రమైనట్టు లెక్క. ప్రోగ్రాం లేని రోజుల్లో కూడా అంతే.

కొన్నాళ్ళకు నుదుటి మీద, గడ్డం మీద చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. మురికి పోలేదేమో అనుకుని ఇంకా ఎక్కువ కడిగింది. మన చర్మానికి స్వతహాగా కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ అనే కొలతలో ఐదు దగ్గర. మామూలు సబ్బు తొమ్మిది, పది, అంటే పులుపుకు పూర్తిగా వ్యతిరేకం. చర్మం పై పొరలో కణాలను పట్టి ఉంచే కొవ్వును ఇలా రోజూ లాగేస్తే లోపలి తడి నిలవదు, బయటివన్నీ లోపలికి గుచ్చుతాయి. ముఖం బిగుసుకుపోయి మండుతుంటే ఇంట్లోవాళ్ళు మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చారు. పది రోజుల్లో ముఖం మెరిసిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆపితే ఎర్రబడేది, అందుకని ఆపలేదు. అది స్టెరాయిడ్ క్రీమ్. ఎరుపును, మంటను అణిచే మందు, కానీ ఎక్కువ రోజులు రాస్తే చర్మాన్నే పలచన చేస్తుంది.

ఒక సాయంత్రం మేకప్ వేద్దామని తడి స్పాంజి బుగ్గకు ఆనించాను. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది. దీపం దగ్గరకు తెచ్చి చూస్తే బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు గీతల్లా కనబడుతున్నాయి. పెదవి పైన నూగు ముదిరింది. చర్మం ఉల్లిపొరలా పలచబడిపోయింది. ఆ రోజు వేషం వేరే అమ్మాయి కట్టింది. స్కిన్ డాక్టర్ మెల్లగా ఆ క్రీమ్ మాన్పించడానికి నెలలు పట్టింది. అన్ని నెలలూ క్లాసుకు చున్నీ కప్పుకుని వచ్చి వెనక వరసలో నిలబడేది. ఆ పిల్ల అలా నిలబడటం నేను మర్చిపోలేను బుజ్జీ. నీ ముఖం తలుచుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

అందుకే నా మాట విను. రెండు కడుగుళ్ళు మేకప్ వేసుకున్న రోజు రాత్రికే. చెమటకు పోని సన్‌స్క్రీన్ రాసి ఎండలో తిరిగిన రోజు కూడా చేసుకో. పొద్దున పూట నీళ్ళు చాలు, జిడ్డుగా ఉంటే ఫేస్‌వాష్ ఒక్కసారి. వారపు సెలవు రోజున ఆ బామ్ డబ్బా మూత తీయకు. కడిగాక ముఖం లాగినట్టు ఉన్నా, మాయిశ్చరైజర్ రాస్తే చురుక్కుమన్నా, ముక్కు పక్కన పొట్టు లేచినా ఫేస్‌వాష్ మార్చు, కడగటం తగ్గించు. స్టూడియోలో ఏసీ చర్మాన్ని ఎలాగూ పీల్చేస్తుంది. మొటిమలకు రెటినాల్ లాంటిది వాడుతుంటే ఇంకా జాగ్రత్త, దానికే చర్మం పొడిబారుతుంది. నుదుటి మీద ఒకే సైజులో, దురదపెట్టే పొక్కులు వస్తే అది చర్మం మీద ఉండే ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ వల్ల కావచ్చు. నూనె తగిలితే అది పెరుగుతుంది కాబట్టి ఆ బామ్ పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించు. డ్యూటీ అయ్యాక అలసిపోయి వైప్స్‌తో తుడుచుకుని పడుకోకు. వైప్స్ మేకప్‌ను తీసిన దానికంటే రుద్దేది ఎక్కువ.

తిడుతున్నాను అనుకోకు తల్లీ. నువ్వు తెర మీద కనబడే రోజు ఈ వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపిస్తాను. నీ ముఖం మేకప్ లేకుండా కూడా ఎంత బాగుంటుందో నాకు తెలుసు.

ఒకటి మాత్రం ఒట్టు పెట్టించుకుంటాను. ఎవరు ఏ క్రీమ్ ఇచ్చినా రాసుకునే ముందు ట్యూబు మీద పేరు చదువు. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ అని ఉంటే అవన్నీ స్టెరాయిడ్లే, డాక్టర్ చెప్పనిదే ముట్టుకోకు. నాకు ఫొటో పెట్టు, అర్ధరాత్రైనా సరే. స్కిన్ డాక్టర్ దగ్గరకు వెళ్ళాల్సి వస్తే ఫీజు నేను పంపిస్తాను, మీ అమ్మకు చెప్పక్కర్లేదు.

నీ పెద్దమ్మ