లండన్‌లో ఒక పూట ఖాళీ ఉంది. థేమ్స్ ఒడ్డున ఉన్న హామ్ హౌస్ అనే పాత భవంతిలో గ్రీన్ క్లోజెట్ అనే చిన్న గది ఉందట, దాని కోసం అంత దూరం వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చండి, కాకపోతే హడావిడిగా వెళ్ళకండి. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆ గదిలో రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. పొడవాటి గ్యాలరీలో పెద్ద పెద్ద పటాలు చూసుకుంటూ వచ్చి, పక్కనే ఉన్న ఈ చిన్న గదిలోకి తొంగిచూస్తే అంతా మసకచీకటి. ఏముందిలే అని బయటికొచ్చేశాను.

క్లోజెట్ అంటే బట్టల బీరువా అనుకునేరు. ఇంటాయన తనకిష్టమైనవి పెట్టుకుని, బాగా దగ్గరివాళ్ళకి మాత్రమే చూపించుకునే గది. చిన్నప్పటి నుంచీ మొదటి ఛార్లెస్ రాజుతో కలిసి పెరిగిన విలియమ్ మర్రే 1630ల చివర్లో దీన్ని చేయించుకున్నాడు. గోడలకి ఆకుపచ్చ పట్టు, దాని నిండా చిన్న చిన్న పటాలు. ఆ చీకటి కూడా కావాలని ఉంచిందే. నీటిరంగులు కదా, వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. కళ్ళు అలవాటు పడేదాకా ఓ ఐదు నిమిషాలు ఆగాలి.

రెండోసారి అలాగే ఆగాను. మొదటి ఎలిజబెత్ రాణి బొమ్మ ఉంది, నికొలస్ హిలియార్డ్ అనే చిత్రకారుడు వేసింది. అరచేతిలో ఇమిడిపోతుంది. అప్పట్లో వీటిని పల్చటి దూడచర్మం మీద వేసేవారు. అది ముడుచుకుపోకుండా వెనకాల ఏం అంటించేవారో తెలుసా? పేకముక్క! రాణిగారికైనా అంతే.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఐజాక్ ఆలివర్ వేసిన బొమ్మ. చుట్టూ మంటలు, మధ్యలో ఒక కుర్రాడు. కాలుతున్న బాధేమీ మొహంలో లేదు, మనవైపే చూస్తుంటాడు. 'మండనివాడు చల్లారిపోతాడు' అని లాటిన్‌లో రాసి ఉంది. ప్రేమ గోల అన్నమాట. మంటల్లో నిజం బంగారప్పొడి కలిపారు. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే మంట కదిలినట్టుంటుందట. మనకి ఆ భాగ్యం లేదు గానీ, నేను తల కాస్త పక్కకి వంచి చూస్తే ఒకచోట తళుక్కుమంది.

ఇలాంటి బొమ్మలు ఎక్కువ చూడాలంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నయం, టికెట్ కూడా లేదు. కానీ అక్కడ అవి అద్దాల పెట్టెల్లో ఉంటాయి, ఇక్కడ వాటి కోసమే కట్టిన గదిలో ఉన్నాయి. నేనైతే హామ్‌కే ఓటేస్తాను.

రిచ్‌మండ్ స్టేషన్‌లో దిగి 65 నంబరు బస్సెక్కండి, లేదా థేమ్స్ ఒడ్డున నడుచుకుంటూ వెళ్ళండి. ఇల్లు ఏ రోజు తెరుస్తారో ముందే చూసుకోండి. దగ్గరి చూపు కళ్ళజోడు ఉంటే మర్చిపోవద్దు.