బేతాళుడు చెట్టెక్కాలి

వడపళని, చెన్నై

చి॥ సుధీర్‌కు అత్తయ్య దీవించి రాయునది.

పోయిన ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో మీ గదిలో కూర్చోబెట్టి, నువ్వు తయారుచేస్తున్న కొట్లాట వీడియో గేమ్ నాచేత ఆడించావు. ఆ ఆట ఇంకా కళ్ళలోనే ఉంది. ఎలా ఉందత్తయ్యా అని అడిగావు. రైలుకు వేళ కావడంతో బాగుందని చెప్పి వచ్చేశాను. అది సగం జవాబు. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

నీ తెర మీద విక్రమార్కుడు, తెనాలి రామలింగడు, పరమానందయ్య శిష్యులు కలబడుతున్నారు. గీత బాగుంది, రంగులు బాగున్నాయి. అయితే విక్రమార్కుణ్ణి వదిలి రామలింగణ్ణి తీసుకున్నప్పుడు నా వేళ్ళకు ఏ తేడా తెలియలేదు. ఇద్దరూ ఒకే ఎత్తు దూకుతున్నారు, ఒకే రకంగా గుద్దుతున్నారు. వేషం మారింది, మనిషి మారలేదు. బ్రాల్‌హల్లా అనే కొట్లాట ఆటలోకి బయటి కార్టూన్ పాత్రలు వచ్చినప్పుడు కూడా ఇంతే. అప్పటికే ఆ ఆటలో ఉన్న యోధుడి కదలికలకు కొత్త రూపం తొడుగుతారు. నువ్వు చేయాలనుకుంటున్నది అది కాదని నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ తరహా ఆటలు కార్టూన్లకు సొంత ఇల్లు లాంటివి. 1999లో నింటెండో 64 అనే ఆటల యంత్రం మీద మసాహిరో సకురాయ్ బృందం తెచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్‌తో ఈ పద్ధతి నిలదొక్కుకుంది. ప్రాణం తరిగిపోయే గీత ఉండదు. దెబ్బ తిన్నకొద్దీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ మనిషి ఇంకా దూరం ఎగిరిపడతాడు, తెర దాటి పడినా కాసేపటికి తిరిగి వస్తాడు. కార్టూన్ లోకపు న్యాయం కూడా ఇదే కదా! పెనంతో కొడితే మొహం అప్పడంలా అవుతుంది, మరుక్షణం మామూలే. నియమాలన్నీ నీ పక్షానే ఉన్నాయి.

ముందు ఒక కాగితం తీసుకుని ప్రతి పాత్రా చచ్చినా చేయని పనులు రాసుకో. బగ్స్ బన్నీని గీసి నడిపించిన చక్ జోన్స్‌కు ఒక నియమం ఉండేది: ఆ కుందేలు తనంతట తాను గొడవకు దిగకూడదు, ముందు ఎవరో దాని జోలికి రావాలి. కొట్లాట ఆటలో ముందు చేయి చేసుకోకుండా ఎలా కుదురుతుంది? బగ్స్ బన్నీ లాంటి కార్టూన్ పాత్రలను కలబెట్టిన మల్టీవర్సస్ ఆట చేసినవాళ్ళు దానికి ఎదుటివాడి నెత్తిన పడే ఇనప్పెట్టెను, నేలలో సొరంగం తవ్వి ఇంకోచోట తేలే విద్యను ఇచ్చారు. దాంతో అది కొట్టినప్పుడు కూడా జగడగొండిలా కనిపించదు, తన బొరియ దగ్గర అల్లరి చేసినవాడికి బుద్ధి చెబుతున్నట్టు ఉంటుంది.

అదే ఆటలో టామ్ అండ్ జెర్రీని నువ్వు పది సార్లయినా ఆడి చూడాలి. హానా, బార్బెరా 1940లో పుట్టించిన ఆ జంటకు బయటివాళ్ళతో పనిలేదు. టామ్ ఎదుటి యోధుణ్ణి చూడనే చూడడు, చేతికి దొరికిన వస్తువుతో జెర్రీని కొట్టబోతాడు, జెర్రీ తప్పుకుంటుంది, ఆ దెబ్బ దారిలో ఉన్నవాడికి తగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అది ఎవరో వాళ్ళ రూపం చూసి చేసిన పని కాదు, వాళ్ళ బంధం చూసి చేసిన పని. స్కూబీ డూ కార్టూన్‌లో మిస్టరీలు ఛేదించే వెల్మా కూడా అలాగే పిడికిలికన్నా బుర్రను నమ్ముకుంది. ఆధారాలు పోగుచేస్తుంది, అన్నీ దొరికాక బండి వచ్చి దోషిని ఎత్తుకుపోతుంది.

అదే కార్టూన్‌లోని షాగీ దగ్గర మాత్రం నాకు మనసొప్పలేదు. 1969 నుంచీ అతను దయ్యం నీడ చూస్తే పరుగెత్తే కుర్రవాడు. ఇంటర్నెట్‌లో ఎవరో సరదాగా అతన్ని మహాబలశాలిని చేస్తే, ఆటలో ఆ బలాన్నే ప్రధానం చేశారు. పిల్లలకు నచ్చింది, సంతోషం. కానీ భయపడుతూనే స్నేహితుల వెంట వెళ్ళే మనిషి అందులో వెనకబడ్డాడు. ఐరన్ జెయింట్ అనే కార్టూన్ సినిమాలోని ఇనుప రాక్షసుడి సంగతి మరీ బాధ. తాను ఆయుధంగా బతకనని తేల్చుకోవడమే 1999 నాటి ఆ కథకు ప్రాణం. అతన్ని తెచ్చి అందరినీ బాదే గోదాలో దింపారు. కొన్ని పాత్రలను వదిలేయడం కూడా వాటికి మనమిచ్చే గౌరవమే, సుధీర్.

ఇక కదలిక. నేను కార్టూన్లు గీసే పనిలో చేరిన కొత్తలో మెట్ల మీద నుంచి పడ్డ పిల్లిని గీశాను. మా పర్యవేక్షకుడు కాగితాలను వేళ్ళ మధ్య పెట్టి టపటపా తిప్పి చూసి, “పిల్లి పడింది, కానీ దానికి కోపం రాలేదు” అన్నారు. కింద నుంచి వెలుగు వచ్చే లైట్‌బాక్స్ ముందు మళ్ళీ కూర్చుని చివరి మూడు బొమ్మల్లో చెవులు మాత్రం వెనక్కి వాల్చాను. కోపం వచ్చేసింది. నీ రామలింగడికి అలాంటి చెవులు ఎక్కడున్నాయో వెతుకు.

అయితే మా లెక్క నీకు నేరుగా పనికిరాదు. కార్టూనుకు సెకనుకు 24 ఫ్రేములు, మేము ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపేవాళ్ళం, అంటే సెకనుకు 12 బొమ్మలు. మీ ఆట సెకనుకు 60 ఫ్రేములు. నా ఒక్క బొమ్మ మీ ఐదు ఫ్రేములతో సమానం. గుద్దే ముందు చేయి వెనక్కి లాగడానికి నేను నాలుగు బొమ్మలు వాడితే, ఆడేవాడు బటన్ నొక్కి సెకనులో మూడో వంతు ఎదురుచూడాలి. విసుక్కుంటాడు. కాబట్టి ఆ ఆయత్తాన్ని బరువైన దెబ్బలకే దాచుకో. తేలిక దెబ్బల్లో పాత్ర స్వభావాన్ని దెబ్బ తగిలాక చూపించు. తగిలిన క్షణంలో ఇద్దరూ కొన్ని ఫ్రేములు బిగుసుకుపోతారు చూడు, నీ దగ్గరున్న అన్నింటికన్నా మంచి ముఖకవళిక అక్కడ పెట్టు. కంటికి అందేది అదే.

గొంతు విషయంలో పొదుపు వద్దు. నికలోడియన్ చానెల్ కార్టూన్ పాత్రల కొట్లాట ఆట నికలోడియన్ ఆల్‌స్టార్ బ్రాల్ 2021 అక్టోబరులో మాటలు లేకుండా వచ్చింది. స్పాంజ్‌బాబ్ ఉన్నాడు, అతని గొంతు లేదు. 2022 జూన్‌లో గొంతులు చేర్చాకనే పాత్రలకు ఊపిరి వచ్చినట్టయింది.

చోటును కూడా పాత్రగానే చూడు. జపానులో 2005లో వచ్చిన జంప్ సూపర్ స్టార్స్‌లో యోధులు మాంగా (జపాను బొమ్మల కథల) పుట గడుల మీద నిలబడి పోరాడతారు. కాగితం మీద పుట్టిన పాత్రలకు కాగితాన్నే నేలగా పరిచారు! అంచు దాటాక కూడా కొద్ది క్షణం దూకనివ్వడాన్ని మీవాళ్ళు కొయోటీ టైమ్ అంటారని నువ్వే చెప్పావు. పాత కార్టూన్లలో కొండ అంచు దాటి గాలిలో నడిచి, కిందకు చూసుకున్నాకే పడే కొయోటీ అనే తోడేలు జాతి జంతువు నుంచే ఆ పేరు వచ్చింది.

నీ ఆటలోని శ్మశానంలో చెట్టు ఉత్త వెనకతెరగా ఉంది. ఇక్కడ వడపళని నుంచి వచ్చిన చందమామలో శంకర్ గారు గీసిన బొమ్మ గుర్తుందా? చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ పుర్రెలు. ఆ భుజం మీది బరువే విక్రమార్కుడు. బేతాళుడు భుజాన ఉన్నంతసేపూ అతను నెమ్మదిగా నడవాలి, దెబ్బ బలంగా పడాలి. నడుమ బేతాళుడు ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగలాలి కదా, అందుకని మౌనంగా ఉన్నకొద్దీ శాతం పెరగనీ. బటన్ నొక్కి జవాబు చెబితే మౌనభంగం, బేతాళుడు శవంతో సహా ఎగిరిపోయి చెట్టెక్కుతాడు. విక్రమార్కుడు తేలికపడి చురుగ్గా కదులుతాడు కానీ బలం తగ్గుతుంది. బలం కావాలంటే మళ్ళీ చెట్టెక్కి దించుకోవాలి. ఇలా చేస్తే కథ తెలియని కన్నడ పిల్లవాడికి కూడా రెండు ఆటల్లో కథ తెలిసిపోతుంది. పోటీగా ఆడేవాళ్ళ కోసం అవాంతరాలు లేని చదును వేదిక ఒకటి విడిగా ఉంచు, 2018 నాటి స్మాష్‌లో అలాంటి సదుపాయం ఉంది.

ఇంకొకటి. మల్టీవర్సస్ ఆన్‌లైన్ సేవలు 2025 మే 30న ఆగిపోయాయి. నీ ఆటను ఒకే సోఫా మీద ఇద్దరు కూర్చుని నెట్ లేకుండా ఆడుకునేలా మొదటి నుంచే కట్టు.

శనివారం మీ నాన్న బెంగళూరు వస్తున్నాడు. ఒక్కో పాత్రను అన్ని వైపుల నుంచీ గీసి పెట్టుకున్న నా పాత మోడల్ షీట్ల సంచి ఇచ్చి పంపుతున్నాను. కాగితాలు పెళుసెక్కాయి, స్కాన్ చేసేటప్పుడు కింద అట్ట పెట్టు. శిష్యుల గుంపును కొన్నాళ్ళు పక్కన పెట్టి, బేతాళుడు భుజం దిగి చెట్టెక్కే ఆ ఒక్క కదలిక చేసి పంపించు. రంగులు అక్కర్లేదు, పెన్సిల్ గీతలు చాలు.

మీ అత్తయ్య