‘స్కాన్‌లో తేలింది’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రెయిన్ డెత్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘యాంజియోగ్రామ్‌లో బ్రెయిన్ డెడ్ అని తేలింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ మాట సరిచేయకుండా దీన్ని అచ్చుకి పంపకు. యాంజియోగ్రామ్ అంటే రక్తనాళాలని చూపే స్కాన్. దానికి కనిపించేది మెదడులోకి రక్తం వెళుతోందా లేదా అన్నదే. మెదడు శాశ్వతంగా పని మానేసిందని తేల్చేది మంచం దగ్గర నిలబడి పరీక్షించిన డాక్టర్లు.

మన 1994 అవయవ మార్పిడి చట్టం చూసేది మెదడు కాండాన్ని, అంటే ఊపిరిని నడిపే మెదడు అడుగు భాగాన్ని. నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్ష. లైటు వేస్తే కనుపాప కదలదు, నల్లగుడ్డుకి దూది తాకినా రెప్ప పడదు, చెవిలో చల్లటి నీళ్లు పోసినా కళ్లు కదలవు, గొంతులో గొట్టం కదిపినా దగ్గు రాదు. ఆపైన ఏప్నియా టెస్ట్, అంటే రోగి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడేమో చూసే పరీక్ష: ముందుగా నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, వెంటిలేటర్ విడదీసి, సన్నటి గొట్టంతో ఆక్సిజన్ అందిస్తూ 8–10 నిమిషాలు ఛాతీనీ పొట్టనీ గమనిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 60 మిల్లీమీటర్లకు (పాదరసం కొలత) చేరినా ఊపిరి కదలిక లేకపోతేనే లెక్క. మత్తుమందులు ఒంట్లో మిగిలి ఉన్నా, ఒళ్లు బాగా చల్లబడి ఉన్నా ఈ పరీక్షలకి విలువ లేదు. ముఖం నలిగి కళ్లు చూడలేనప్పుడు, ఏప్నియా టెస్ట్‌ని రోగి తట్టుకోలేనప్పుడు చాలా దేశాల్లో స్కాన్ సాయం తీసుకుంటారు.

ఆ సాయం ఎక్కడ తప్పుతుందో నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. మెదడు వాచి, పుర్రె లోపలి ఒత్తిడి రక్తపోటుని మించితే రక్తం పైకి ఎక్కలేదు. స్కాన్ పట్టుకునేది దీన్నే. మరి ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసేసిన మనిషికో, మాడు పూడని పసిబిడ్డకో? ఒత్తిడికి దారి దొరుకుతుంది, మెదడు చచ్చిపోయినా రక్తం కొంత పారుతూనే ఉంటుంది. సీటీ స్కానర్‌తో తీసే సీటీ యాంజియోకి ఈ బెడద ఎక్కువ. 2014లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలని కలిపి చూసినది) లెక్కన, పరీక్షల్లో బ్రెయిన్ డెడ్ అని తేలిన 100 మందిలో సుమారు 15 మందికి సీటీలో మెదడుకి రక్తం పారడం కనబడుతూనే ఉంది. 2023 నాటి అమెరికా మార్గదర్శకాలు సీటీ, ఎమ్మారై యాంజియోలని ఒప్పుకోలేదు. ధమనిలోకి సన్నటి గొట్టం (కాథెటర్) పంపి చేసే యాంజియోగ్రామ్, రేడియోధార్మిక మందుతో చేసే న్యూక్లియర్ స్కాన్, పెద్దవాళ్లలో పుర్రె మీంచి శబ్దతరంగాలతో రక్తప్రవాహం చూసే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్: ఈ మూడింటినే ఒప్పుకున్నాయి.

దీనికి తిరగబడిన తప్పు మరీ భయంకరం. బీపీ బాగా పడిపోయి ఉంటే, రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే మందు బతికున్న మెదడుకీ చేరక అది ఖాళీగా కనిపించవచ్చు. అందుకే సీటీలో కణత దగ్గర చర్మం కింది ధమనిలో మందు వెలిగిందో లేదో ముందు చూడాలి. డాప్లర్‌లోనూ అంతే: కొందరి కణత ఎముక మందం, శబ్దతరంగం లోపలికి పోదు. సిగ్నల్ రాలేదంటే రక్తం లేదని కాదు. రక్తం ముందుకీ వెనక్కీ ఊగే అల లాంటి స్పష్టమైన గుర్తు కనబడాలి.

ఇంకొకటి. రక్తస్రావం మెదడు కాండంలోనే జరిగి ఆ కాండం శాశ్వతంగా ఆగిపోతే, పైన పెద్ద మెదడుకి రక్తం అందుతూ ఉండొచ్చు. మన చట్టం ప్రకారం అది మరణమే. మెదడంతా ఆగిపోవాలనే అమెరికా చట్టం ప్రకారం కాదు. ఏ దేశం సంగతో చెప్పకుండా స్కాన్ గురించి రాస్తే పాఠకుడు తికమక పడతాడు.

మాటల దగ్గరా జాగ్రత్త. పత్రికల్లో అలవాటైన ‘జీవన్మృతుడు’ నాకు నచ్చదు. ఇంకా సగం ప్రాణం ఉందన్న ఆశని ఆ ఇంటివాళ్లలో అది రేపుతుంది. ‘అవయవదానం చేసి కన్నుమూశాడు’ అన్నది పూర్తిగా తప్పు, అవయవాలు తీసేది మరణం నిర్ధారించాకే. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు.

యాంజియోగ్రామ్ ఏ రకందో, ఆ సమయంలో బీపీ ఎంతుందో, పుర్రె ఎముక తీశారో లేదో, రెండు పరీక్షల మధ్య ఎన్ని గంటలో డాక్టర్‌ని అడిగి ఆ పేరా మళ్లీ రాయి. రాశాక పంపు, చూస్తాను.