విజయనగరంలో విజ్జీ స్టేడియం, రాజీవ్ స్టేడియం ఒకటేనా? కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి (పరుగు, లాంగ్‌జంప్ పరీక్షలకి) అక్కడ ప్రాక్టీసు కుదురుతుందా?

మీ మేనల్లుడు కానిస్టేబుల్ ప్రిపరేషన్‌కి విజయనగరంలో రూమ్ తీసుకుంటున్నాడన్నారు. ఈ రెండు స్టేడియాలూ ఒకటేనా, విజ్జీ అంటే ఎవరు, అక్కడ అసలు ఏం జరుగుతుంటాయి అని అడిగారు. నేను 2022 నోటిఫికేషన్‌కి అదే పని మీద ఆ ఊళ్లో రూమ్‌లో ఉన్నవాణ్ణే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

రెండూ ఒకటి కాదు. రాజీవ్ స్టేడియం కంటోన్మెంట్‌లో ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో అక్కడ పటాలాలు ఉండేవి. పటాలాలు పోయినా పేరు నిలిచిపోయింది. విజ్జీ స్టేడియం వేరు. పేపర్లో రంజీ మ్యాచ్ అని చదివేది ఈ రెండింటి గురించీ కాదు. అది ఊరి బయట ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ వాళ్ల పి.వి.జి.రాజు స్పోర్ట్స్ కాంప్లెక్స్. 2024 ఫిబ్రవరిలో ఆంధ్ర తొమ్మిది వికెట్లు పోయాక కూడా కేరళ మీద డ్రా చేసుకుంది అక్కడే. కాబట్టి కొత్తగా వచ్చిన కుర్రాడు ఆటో ఎక్కి ఉత్త ‘స్టేడియం’ అంటే సరిపోదు, ఏ స్టేడియమో చెప్పాలి.

విజ్జీ పూర్తి పేరు విజయ ఆనంద గజపతి రాజు. విజయనగరం రాజుల ఇంట 1905లో పుట్టాడు. సంస్థానం అన్నగారికి దక్కింది. ఈయన కాశీలో ఉంటూ క్రికెట్ మీద పడ్డాడు. డబ్బుకు కొదవ లేదు కదా, 1930–31లో ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంతటివాళ్లను రప్పించి తన జట్టులో ఆడించుకున్నాడు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన కొట్టినవి 33 పరుగులు. జట్టులోని లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపేసింది కూడా అప్పుడే. ఆటగాడిగా ఆయన్ని పొగడాలంటే నాకు నోరు రాదు. కానీ తర్వాత బీసీసీఐ అధ్యక్షుడిగా చేశాడు, కామెంటరీ చెప్పాడు, యూనివర్సిటీ జోన్ల మధ్య ఆడే విజ్జీ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. పి.వి.జి.రాజు ఈయనకు అన్న కొడుకు. అంటే ఊళ్లో ఒక గ్రౌండు బాబాయిది, ఇంకోటి అబ్బాయిది.

నన్నడిగితే విజయనగరంలో ఒక గ్రౌండుకి కోడి రామమూర్తి నాయుడు పేరు పెట్టాల్సింది. పుట్టింది వీరఘట్టంలో అయినా ఆయన కసరత్తు నేర్చుకుంది విజయనగరంలో, బాబాయి ఇంట్లో ఉండి. మద్రాసు వెళ్లి వ్యాయామ శిక్షణ పూర్తి చేసుకుని వచ్చి, తాను చదివిన హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకోవడం, గొలుసులు తెంచడం, సర్కస్ కంపెనీ, ‘కలియుగ భీముడు’ అన్న బిరుదు, ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆయన పేరును శ్రీకాకుళం వాళ్లు తమ స్టేడియానికి పెట్టుకున్నారు. పొద్దున్నే ఈ గ్రౌండుల్లో చెమటోడ్చేవాళ్లను చూస్తే, వాళ్లకు క్రికెట్ కెప్టెన్ కంటే ఆ డ్రిల్లు మాస్టారే దగ్గరివాడు అనిపిస్తుంది.

ఎందుకంటే మన వైపు స్టేడియం అంటే ఆట తర్వాత, ఉద్యోగం ముందు. వేసవి శిక్షణ శిబిరాలు, స్కూల్ గేమ్స్ ఎంపికలు, విజయనగరం ఉత్సవాలప్పుడు పెట్టే పోటీలు అన్నీ ఉంటాయి. కానీ ఏడాది పొడవునా తెల్లవారకముందే వచ్చేది మాత్రం ఆర్మీ కుర్రాళ్లు, పోలీస్ కుర్రాళ్లే. ఇప్పుడు అమ్మాయిలు కూడా బాగా వస్తున్నారు. మేం వెళ్లేటప్పటికి చీకటిగానే ఉండేది. చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకడు అరుస్తుంటే మిగతావాళ్లం పరిగెత్తేవాళ్లం. ఎండ ఎక్కేసరికి వాకింగ్ పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. లోపలి ట్రాక్ మాకు వదలమని, బయటి వైపు నడవమని బతిమాలుకోవడం రోజూ ఉండే పనే. పాపం కొందరు వినేవాళ్లు.

మా బ్యాచ్ కష్టం ఏమిటంటే, ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయ్యాయి. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు ఆఖర్లో. మధ్యలో దాదాపు రెండేళ్లు ‘రేపో మాపో పెడతారు’ అనుకుంటూ పరిగెత్తాం. రూమ్ అద్దె, మెస్ బిల్లు ఆగవు కదా. కొందరు ఇళ్లకు వెళ్లి పొలం పనుల్లో పడ్డారు, కొందరు విశాఖలో సెక్యూరిటీ డ్యూటీలకు కుదిరారు. నేను ఈవెంట్స్ దాటి మెయిన్స్‌లో పోయాను. ఇప్పుడు నెల్లిమర్లలో మా బావ షాపు చూసుకుంటున్నాను.

ఆటల్లో పేరు తెచ్చినవాళ్ల గురించి చెప్పాలంటే నెల్లిమర్ల పక్కనే కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషిది మూడో స్థానం. మొదట వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో పట్టుబడటంతో సంతోషికి వెండి పతకం వచ్చింది. జిల్లా కేంద్రంలో స్టేడియాలు ఉండగా ఇంతమంది లిఫ్టర్లు ఒక పల్లెలోంచి రావడం మాకు ఇప్పటికీ గొప్పే.

ఒక జాగ్రత్త. మైదానాన్ని సభలకో ఎగ్జిబిషన్‌కో ఇచ్చాక కొన్నాళ్లు నేల చూసుకుని పరిగెత్తాలి. ఊళ్లో ఒక గ్రౌండులో గుంజలు పాతిన గోతులు పూడ్చకుండా వదిలేస్తే, మా రూమ్‌మేట్ చీకట్లో కాలు పెట్టి మడమ బెణికించుకున్నాడు. నెల రోజుల ప్రాక్టీసు పోయింది. ఏ గ్రౌండు అనేది ఎందుకులెండి.

ఇక మీవాడికి. 2022 నోటిఫికేషన్ లెక్క ప్రకారం సివిల్ కానిస్టేబుల్‌కి 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తడం తప్పనిసరి. 15 సెకన్లలో 100 మీటర్లు, 3.80 మీటర్ల లాంగ్‌జంప్, ఈ రెండింట్లో ఏదో ఒకటి దాటితే చాలు. 1600 అంటే అసలు ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మట్టి గ్రౌండులో సుమారుగా లెక్కేసుకుని ‘ఏడు నిమిషాల్లో అయిపోతోంది’ అనుకునేవాళ్లు అసలు రోజున టెన్షన్ పడతారు, టేపు పట్టి కొలుచుకోమనండి. స్పైక్స్ (ముళ్ల బూట్లు) కొనేముందు మామూలు షూతోనే టైమింగ్ తెచ్చుకోమనండి. అన్నింటికంటే ముందు, రూమ్ అడ్వాన్స్ కట్టకముందే ఎత్తు సరిగ్గా కొలిపించండి. 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఏజెన్సీ గిరిజన అభ్యర్థులకైతే 160. ఛాతీ మిగతావాళ్లకు 86.3, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. కొత్త నోటిఫికేషన్ వస్తే ఈ అంకెలు అందులో మళ్లీ చూసుకోండి.